జెన్నె గోడలకు సిమెంటు పూత వద్దు

సంపాదకులకు,

మాలి దేశంలోని జెన్నె మసీదును ఉత్త మట్టి కట్టడమని తీసిపారేయకూడదు. 1907లో ఇప్పటి రూపం దాల్చిన దీనికి ఊరంతా కలిసి ఏటా పూత వేస్తుంది. బంకమట్టిలో వరి ఊక కలిపి, నీళ్లు పోసి, రోజుల తరబడి మాగనిస్తారు. ఊక కుళ్లితేనే మట్టికి జిగురు పడుతుంది. తొందరపడితే పూత ఆరగానే నెర్రెలిస్తుంది. గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటి దుంగలు అలంకారమే అనుకుంటారు చాలామంది. మేస్త్రీలు ఎక్కే పరంజా కూడా అవే!

సిమెంటు పూస్తే ఏటా శ్రమ తప్పుతుందన్న మాట పైకి సబబుగానే ఉంటుంది. కానీ పగుళ్లలోంచి దిగిన తేమ బయటికి పోయే దారిలేక లోపలి మట్టి ఇటుక మెత్తబడుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. పైగా బరే తోన్ అనే మేస్త్రీల సంఘాన్నీ, మట్టి మోసే కుర్రాళ్లనూ, నీళ్లు తెచ్చే ఆడవాళ్లనూ ఒక ఊరిగా కలిపి ఉంచేది ఆ పూత పనే.

– ఒక వాస్తుశిల్పి