8 తిప్పితే చాలా?
బైకు లైసెన్సు పరీక్ష ఇంకా 8 అంకె చుట్టూనే తిరుగుతోంది. మొదటి గేరులో, క్లచ్ సగం పట్టి, కాలు కింద పెట్టకుండా 8 ఆకారంలో బండి తిప్పేస్తే గట్టెక్కినట్టే. తీరా బెంజి సర్కిల్ దగ్గర ఆటో అడ్డొస్తే కొత్తవాళ్లు కంగారులో వెనక బ్రేకొక్కటే తొక్కుతున్నారు. బరువు ముందుకు వాలి, తేలికైన వెనక చక్రం బిగుసుకుని బండి జారుతుంది. 125 సీసీ లోపు బళ్లలో చాలావాటికి, చక్రం అలా బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా లేదాయె. 30 కిలోమీటర్ల వేగంలో రెండు బ్రేకులూ కలిపి పట్టి గీత దాటకుండా ఆపడం, అద్దం చూసి, ఇండికేటర్ వేసి, తల తిప్పి చూశాకే మలుపు తీసుకోవడం పరీక్షలో తప్పనిసరి చేయాలి. లెర్నర్ లైసెన్సు తర్వాత ఎలాగూ ఆగాల్సిన 30 రోజుల్లో ఇవి సాధన చేసుకునే స్థలం విజయవాడ, గుంటూరుల్లో రవాణా శాఖే చూపాలి.
– ఒక పాఠకుడు, విజయవాడ