6జీ సంగతి తర్వాత, ముందు మహేంద్రతనయకు అటూ ఇటూ ఉన్న టవర్లను కలపండి

సంపాదకుల వారికి,

పర్లాకిమిడిలో ఫోన్ ఎత్తి, మాట్లాడుతూనే ఆటోలో ఆంధ్రలోని పాతపట్నం వైపు వెళితే మహేంద్రతనయ ఏరు దాటే చోట కాల్ తెగిపోవడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. జనం ‘సిగ్నల్ లేదు’ అనేస్తారు. చాలాసార్లు సిగ్నల్ ఉంటుంది. లేనిది ఒడిశా, ఆంధ్ర టెలికాం సర్కిళ్ల మధ్య పొత్తు. 5జీ, దాని తర్వాతి తరం గురించి వచ్చే కథనాలన్నీ వేగం లెక్కలతో నిండిపోతున్నాయి కాబట్టి, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారికి అసలు ఎక్కడ అడ్డు పడుతోందో టవర్ల పని తెలిసినవాళ్లుగా రాస్తున్నాం.

టెలికాం లైసెన్సుల కోసం దేశాన్ని 22 సర్కిళ్లుగా విడగొట్టారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకటి, ఒడిశా వేరొకటి. స్పెక్ట్రం (రేడియో తరంగాల) వేలం సర్కిల్ వారీగానే, నెట్‌వర్క్ కోడ్ కూడా సర్కిల్ వారీగానే. బీఎస్ఎన్ఎల్‌కు ఆంధ్రలో 404-73, ఒడిశాలో 404-76. ప్రైవేటు కంపెనీలదీ ఇదే పద్ధతి. బోర్డు మీద పేరు ఒకటే అయినా ఫోన్ లెక్కలో అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు. మాట తెగకుండా ఒడిశా టవర్ నుంచి ఆంధ్ర టవర్‌కు కాల్ చేతులు మారాలంటే, ముందు ఒకరి పొరుగు జాబితాలో ఇంకొకరు ఉండాలి. అవతలి కోడ్ కూడా మనదాంతో సమానమేనని కోర్ సర్వర్లు (నెట్‌వర్క్‌ను వెనక నుంచి నడిపే కేంద్ర కంప్యూటర్లు) ఫోన్‌కు చెప్పి ఉండాలి. రెండు సర్కిళ్ల కోర్ల మధ్య ఆ అప్పగింత దారి తెరిచి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఫోన్ పాత టవర్‌నే పట్టుకుని వేలాడుతుంది. అది పూర్తిగా అందకుండా పోయాక కొత్తదాని దగ్గర మొదటి నుంచి నమోదు చేయించుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే కాల్ పోతుంది.

4జీ నుంచి టవరే తన పొరుగువాళ్లను కనిపెట్టి జాబితాలో చేర్చుకునే సదుపాయం ఉంది. ఫోన్ కొత్త టవర్ కనబడిందని చెబితే దాని గుర్తింపు చదివించి నమోదు చేసుకుంటుంది. అయితే అవతలి సర్కిల్ కోడ్‌ను అనుమతుల పట్టీలో మనిషే ఎక్కించాలి. ఎక్కించకపోతే ఎంత తెలివైన టవరైనా ఏటి అవతలి పొరుగును ఎరగనట్టే ఉంటుంది. పైగా ఈ పని ఒకసారి చేస్తే తీరేది కాదు. 4జీకి చేసింది 5జీకి పనికిరాదు, ఒక బ్యాండుకు (ఫ్రీక్వెన్సీ శ్రేణికి) చేసింది ఇంకో బ్యాండుకు చాలదు. తరం మారిన ప్రతిసారీ మొదటి నుంచి చేసుకు రావాలి. రెండు సర్కిళ్ల బృందాలకూ ఇది గట్టు మీద మొలిచిన గడ్డి లాంటిది, కోయడం ఎవరి వంతో తేలదు.

దీనికి తిరగబడ్డ చిక్కు ఇంకొకటి. ఒడిశా ఒడ్డున ఉంటూ ఆంధ్ర సిమ్ వాడేవాళ్ల ఫోన్ ఉండుండి అవతలి టవర్‌కు పరుగెడుతుంది. సొంత నెట్‌వర్క్‌ను ఎంతసేపటికోసారి వెతకాలో సిమ్‌లో 6 నిమిషాల మెట్లలో రాసి ఉంటుంది. రాయకపోతే 60 నిమిషాలకోసారి. దగ్గర్లో బలమైన ఒడిశా టవర్ ఉన్నా, ఏటి అవతల పీలగా ఉన్న సొంత కోడ్ దొరికితే చాలు, ఫోన్ దాన్నే ఎంచుకుంటుంది. బ్యాటరీ పగటిపూటే అయిపోవడానికి ఇదో కారణం. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కు వెళ్లి ‘ఆటోమేటిక్’ తీసేసి, దగ్గరి నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకుంటే ఈ పరుగు ఆగుతుంది. శ్రీకాకుళం ప్రయాణమయ్యేముందు మళ్లీ ఆటోమేటిక్ పెట్టడం మరిచిపోతే మాత్రం ఆ ఊళ్లో ఫోన్ మూగబోతుంది. అత్యవసర నంబరు 112 సంగతీ గుర్తుంచుకోవాలి. ఆ కాల్ దారి సిమ్‌ను బట్టి కాదు, పట్టుకున్న టవర్‌ను బట్టి ఉంటుంది. ఒడిశా గ్రామంలో ప్రమాదం జరిగితే కాల్ ఆంధ్ర కంట్రోల్ రూముకు పోవచ్చు. అందుకే మొదటి మాటగా జిల్లా పేరు, రాష్ట్రం పేరు చెప్పాలి.

ఇక బ్యాండుల సంగతి. 2022 అక్టోబర్ 1న మొదలైన 5జీలో ఎక్కువ భాగం నడిచేది 3300 మెగాహెర్ట్జ్ బ్యాండులో (3300 నుంచి 3670 వరకు). పట్నానికి అది మేలే, వెడల్పాటి రోడ్డు. కొండలకు సరిపడదు. ఒకే దూరానికి, ఒకే శక్తితో పంపితే 700 మెగాహెర్ట్జ్ కంటే 3500 దగ్గర ఫోన్‌కు అందేది 25వ వంతు, అంటే 14 డెసిబెల్స్ తక్కువ. 64 యాంటెన్నాల రేడియో ఈ లోటును కొంత పూడుస్తుంది. మధ్యలో కొండ మలుపు, చింతతోపు, తడిసిన పెంకుటిల్లు వస్తే అదీ చేతులెత్తేస్తుంది. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్‌ను 22 సర్కిళ్లలోనూ కొన్న ప్రైవేటు కంపెనీ ఒక్కటే. బీఎస్ఎన్ఎల్‌కు ప్రభుత్వం 2023లో కేటాయించింది. 10 మెగాహెర్ట్జ్ వెడల్పులో వేగం మంచి 4జీని పెద్దగా మించదు. మోహన, ఆర్.ఉదయగిరి లోయల్లో ఒక ఇంటివాళ్లు నిలకడగా మాట్లాడటానికి, పిల్లాడి పాఠం ఆగకుండా రావడానికి అది చాలు. కొండ జిల్లాల్లో 5జీ లెక్క చెప్పేటప్పుడు ఏ బ్యాండులో ఎన్ని టవర్లో విడివిడిగా చెప్పించాలి. రెండూ కలిపి చెప్పే లెక్క మాకు అక్కరకు రాదు.

నిండా సిగ్నల్ గీతలున్నా మన మాట అవతలికి వినబడకపోవడం మీద కూడా ఫిర్యాదులు ఎక్కువే. అది భ్రమ కాదు. గీతలు చూపేది టవర్ గొంతును. ఆ రేడియో 200 వాట్ల స్థాయిలో అరుస్తుంది, ఫోన్ బదులు చెప్పేది 0.2 వాట్లతో. అంచున ఉన్నప్పుడు ముందు తెగేది మన గొంతే. అలాగే ఫోన్ పైన 5జీ గుర్తు ఉన్నంత మాత్రాన 5జీ అందుతున్నట్టు కాదు. 4జీ మీద ఆనుకుని నడిచే 5జీ రకంలో, ఈ టవర్ దగ్గర 5జీ ఉండవచ్చని 4జీ చేసే సైగకే కొన్ని ఫోన్లు ఆ గుర్తు వేసేస్తాయి.

2025 సెప్టెంబర్ 27న ఝార్సుగుడాలో ప్రారంభమైన బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ, మొత్తం 97,500కు పైగా టవర్లు, ఒడిశా కొండ గ్రామాలకు పనికొచ్చే ఏర్పాటే. ఆ టవర్ కింద నిలబడి కూడా నెట్ రాకపోతే రెండు చూడాలి. సిమ్ పాత 2జీ, 3జీ కాలం నాటిదైతే మార్పించుకోవాలి. ఫోన్‌లో 28, 1 నంబర్ల 4జీ బ్యాండులు ఉండాలి. పాత ఫోన్లు కొన్నింటిలో 28 ఉండదు, కొండల్లో దూరం వచ్చేదేమో అదే.

టవర్ వెనకాల ఏముందో ఎవరూ అడగరు, అసలు చిక్కు అక్కడే ఉంది. 5జీ సైటుకు ఒక్కో సెక్టారుకే (టవర్ ఒక దిక్కుకు ప్రసారం చేసే భాగానికే) సెకనుకు గిగాబిట్ దారి కావాలి. కొండ మీద టవర్లలో చాలావాటికి ఫైబర్ లేదు. ఒక కొండ నుంచి ఇంకో కొండకు మైక్రోవేవ్ డిష్షులే ఆధారం. 28 మెగాహెర్ట్జ్ ఛానెల్ మీద సెకనుకు 200 మెగాబిట్ల లోపే వస్తుంది, దాన్ని మూడు సెక్టార్లు, కిందనున్న ఇంకో రెండు టవర్లు పంచుకుంటాయి. 80 గిగాహెర్ట్జ్ లింకు వేస్తే గిగాబిట్లు వస్తాయి గానీ గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడితే కిలోమీటరుకు 30 డెసిబెల్స్ పోతాయి. మన వర్షాకాలానికి రెండు కిలోమీటర్లు దాటితే దాన్ని నమ్మలేం.

6జీ విషయంలో మాకున్న భయమూ ఇదే. ఐక్యరాజ్య సమితి టెలికాం సంస్థ ఐటీయూ 2023లో 6జీకి ఐఎంటీ-2030 పేరుతో చట్రం ప్రకటించింది. ఏయే ఫ్రీక్వెన్సీలు ఇవ్వాలో తేల్చే ప్రపంచ రేడియో సదస్సు 2027లో ఉంది. అక్కడ పరిశీలనకు వస్తున్నవాటిలో 7.125–8.4, 14.8–15.35 గిగాహెర్ట్జ్ ఉన్నాయి. మన దేశంలో కొండ టవర్ల డిష్షులు నడిచేది కూడా ఈ 7, 15 గిగాహెర్ట్జ్ బ్యాండుల్లోనే. అంటే పట్నంలో 6జీకి చోటు ఇవ్వాలంటే కొండ మీద డిష్షు ఖాళీ చేయాల్సి రావచ్చు. అప్పటికి ఫైబర్ చేరకపోతే ఉన్న 4జీకే ముప్పు. నౌపడ–గుణుపురం రైలు మార్గం రెండు రాష్ట్రాలనూ కలుపుతూ పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా పోతుంది. ఫైబర్‌ను రెండు వైపుల నుంచీ కలిపి వలయంగా చేస్తే రోడ్డు పనిలో జేసీబీ ఒకచోట తెంపినా మరోవైపు నుంచి నడుస్తుంది. ఇప్పుడు ఒడిశా లైను ఒడిశాలో, ఆంధ్ర లైను ఆంధ్రలో ఆగితే రెండూ తోకలే.

కరెంటు లెక్క చిన్నదే కానీ చెప్పాలి. 48 వోల్టుల 200 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 9.6 యూనిట్లు. 4జీ లోడు 1.5 కిలోవాట్లయితే కాగితం మీద ఆరు గంటలు. మూడు 5జీ రేడియోలు ఒక్కోటి కిలోవాట్ చొప్పున చేరితే రెండు గంటలు. ముసలి బ్యాటరీకి అందులో సగం. అందుకే కరెంటు పోగానే చాలా సైట్లలో ముందు 5జీని ఆపేస్తారు. అది చెడిపోవడం కాదు, మిగతాది బతకడానికి.

తుఫాను వేళ ఈ సర్కిళ్ల మధ్య గీత ఇంకా పదునెక్కుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల్ని ముంచింది, దానికి సర్కిల్ హద్దు తెలియదు. 2025 జనవరిలో డిజిటల్ భారత్ నిధి (పల్లెల్లో టెలికాం సేవలకు ప్రభుత్వం పెట్టిన నిధి) టవర్లను వేరే కంపెనీల వాళ్లూ వాడుకునే ఏర్పాటు వచ్చింది. మంచిదే, కానీ దాని పేరులోనే ఉంది, అది సర్కిల్ లోపలి రోమింగ్. పర్లాకిమిడిలో టవర్ కూలితే పాతపట్నంలో నిలిచిన ఇంకో కంపెనీ టవర్ మనల్ని చేర్చుకోదు. తుఫాను హెచ్చరిక వచ్చిన జిల్లాల వరకైనా ఈ హద్దు తీయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌నీ, టెలికాం శాఖనూ కోరుతున్నాం. ప్రకృతి విపత్తు వల్ల కాకుండా జిల్లాలో సేవ 24 గంటలకు మించి ఆగితే అక్కడ నమోదైన పోస్ట్‌పెయిడ్ వినియోగదారులకు అద్దె తగ్గించాలని, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగించాలని ట్రాయ్ 2024 నిబంధనలు చెబుతున్నాయి. ‘నమోదైన’ అన్న మాట దగ్గరే ఆంధ్ర సిమ్‌తో ఒడిశాలో ఉండేవారి చిక్కంతా ఉంది.

పాఠకులు చేయగలిగింది ఒకటుంది. పాతపట్నం దారిలో, పార్వతీపురం–రాయగడ దారిలో, సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కొరాపుట్ వెళ్లే దారిలో కాల్ ఎక్కడ తెగుతోందో రాసిపెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ డీబీఎంలో కనిపిస్తుంది. మైనస్ 90 అయితే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే పీల. మైనస్ 95 ఉండగా తెగితే తప్పు సిగ్నల్‌ది కాదు, అప్పగింతది. తేదీ, గంట, చోటు, ఎటు నుంచి ఎటు వెళుతున్నారు, ఆ అంకె, తెగక ముందు, తెగాక తెర మీద ఉన్న నెట్‌వర్క్ పేరు, ఇవన్నీ చెప్పి 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి. పరిష్కారం కాకపోతే గడువు ముగిసిన 30 రోజుల్లోపు ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు, రుసుము లేదు. ‘సిగ్నల్ రావడం లేదు’ అని రాస్తే టవర్ దగ్గరికి మనిషిని పంపి, బాగానే ఉందని ఫిర్యాదు మూసేస్తారు. ‘అవతలి సర్కిల్ టవర్‌కు కాల్ మారడం లేదు’ అని రాస్తే అది రెండు సర్కిళ్ల బల్లల మీదకూ వెళ్లాల్సిందే.

ఇట్లు,
టెలికాం సాంకేతిక సిబ్బంది కొందరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా