తొక్కగానే తడబడే బండి గురించి మిత్రుడికి ఉత్తరం

హన్మకొండ

ప్రియ మిత్రుడు లింగమూర్తికి,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరంలో సగానికి పైగా నీ ఏపీ 15 నంబరు మారుతి 800 గురించే ఉంది కాబట్టి, నేను కూడా మిగతా కబుర్లు పక్కన పెట్టి దాని గురించే రాస్తున్నాను. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం చచ్చుబడి, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతోందని రాశావు. షెడ్డులో చూపిస్తే గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ మొత్తం మార్చేయాలన్నారని కూడా రాశావు. దయచేసి అప్పుడే మార్చకు. అది ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అవుతుంది. పైగా కార్బురేటర్ 800లు తయారు కావడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది గనుక, ఇప్పుడు కొత్తదని చేతిలో పెట్టే కార్బురేటర్లో పెట్రోల్‌ను కొలిచి వదిలే జెట్టు రంధ్రాలు సరైన కొలతలో ఉంటాయని నాకైతే నమ్మకం లేదు. నీ పాతది, ఎంత మసిబారినా, కంపెనీ నుంచి వచ్చినది.

అన్నిటికంటే ముందు, బండి ఏ సమయంలో తడబడుతోందో విడదీసి చూసుకోవాలి. ఆగిన చోటు నుంచి కదలబోతూ పాదం ఆనించగానే తడబడి, ఆ తర్వాత మామూలుగా పోతుంటే అది ఒక రోగం. హుజూరాబాద్ రోడ్డు మీద నాలుగో గేరులో సాఫీగా పోతూ పోతూ, ఎత్తు రాగానే దమ్ము తగ్గిపోతే అది మరో రోగం. పొద్దున బాగానే ఉండి, మధ్యాహ్నం ఎండలో కాసేపు ఆపి మళ్లీ తీసినప్పుడు మొరాయిస్తే అది ఇంకొకటి. మొదటిది గాలీ పెట్రోలూ కలిసే పాళ్లలో తేడా, రెండోది పెట్రోల్ చాలినంత అందకపోవడం, మూడోది వేడి. కరెంటు వైపు లోపం మాత్రం ఈ మూడింటిలో ఏ వేషమైనా వేయగలదు. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి నీది మొదటి రకమని నా అభిప్రాయం.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కార్బురేటర్ గొంతులోని రేకు తెరుచుకుంటుంది. గాలి తేలిక గనుక వెంటనే లోపలికి దూసుకుపోతుంది. పెట్రోల్ బరువు గనుక జెట్టులోంచి లేచి దాన్ని అందుకోవడానికి కొంచెం ఆలస్యమవుతుంది. ఆ సందులో మిశ్రమం పలచబడి సిలిండర్లో సరిగా అంటుకోదు. ఆ వెలితిని పూడ్చడానికే కార్బురేటర్లో యాక్సిలరేటర్ పంపు అనే చిన్న ఏర్పాటు ఉంటుంది. పాదం కదిలిన ప్రతిసారీ అది కాస్త పెట్రోల్‌ను అదనంగా గొంతులోకి చిమ్ముతుంది. అది పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్ కూడా అవసరం లేదు. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఎయిర్ క్లీనర్ మూత విప్పి, టార్చి వేసి గొంతులోకి చూడు. చేత్తో లీవరును ఒక్క గుంజు గుంజితే, లోపల పక్కనున్న సన్నని ముక్కు నుంచి పెట్రోల్ ధార, లీవరు కదిలిన క్షణంలోనే, తెగకుండా చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలు చుక్కలుగా జారినా, అసలు రాకపోయినా, నీ రోగం దొరికినట్టే. ఆ సమయంలో బీడీ కాల్చేవాళ్లను మాత్రం దూరంగా నిలబెట్టు.

నా బండికి వచ్చిందీ ఇదే. కాజీపేట దాటి ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కడానికి రెండో గేరులో తొక్కితే, వెనక ఆర్టీసీ బస్సు హారన్ మోగిస్తున్నా ముందుకు కదిలేది కాదు. విప్పి చూస్తే పంపు లోపలి రబ్బరు అంచు ఎంత గట్టిపడిందంటే, గోటితో వంచగానే పటుక్కున విరిగింది. దాని కింద పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చిన్న గుండు ఆనుకునే చోట తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. కొత్త రబ్బరు, కొత్త గాస్కెట్లు కలిపి రిపేరు కిట్టుగా దొరుకుతాయి, కార్బురేటర్ ధరలో అది లెక్కలోకి రాదు. శుభ్రం చేసేటప్పుడు జెట్టు రంధ్రాల్లో తీగలు, సూదులు దూర్చనివ్వకు. ఇత్తడి మెత్తన, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పాళ్లు మారిపోతాయి. క్లీనర్ కొట్టి గాలితో ఊదితే చాలు.

పంపు బాగానే ఉంటే, ఇంజిన్ పీల్పును చేరవేసే సన్నని రబ్బరు గొట్టాల మీదికి, అంటే వ్యాక్యూమ్ పైపుల మీదికి రావాలి. పాత బండ్లలో నేను ఎక్కువగా అనుమానించేది వీటినే, షెడ్డుల్లో తక్కువగా చూసేదీ వీటినే. ఇంజిన్ వేడికి రబ్బరు పైపుల చివర్లు, సరిగ్గా క్లిప్పు కింద, బీటలు వారుతాయి. పైనుంచి చూస్తే కనబడవు, పైపును మెలితిప్పితేనే నోరు తెరుస్తాయి. ఆ బీటల నుంచి దొంగగాలి లోపలికి పోతే మిశ్రమం పలచనై, ఐడ్లింగ్, అంటే పాదం పెట్టకుండా ఇంజిన్ నడిచే తీరు, ఊగుతూ, తొక్కగానే తడబాటు వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కొక్క పైపును ముక్కు పట్టకారుతో నొక్కి చూడు. దేన్ని నొక్కినప్పుడు ఐడ్లింగ్ కుదుటపడుతుందో దొంగ అక్కడే ఉంది. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్నని పైపును మాత్రం ప్రత్యేకంగా పరీక్షించు. మూత తీసి, ఆ పైపును నోటితో పీల్చితే లోపలి పళ్లెం కొంచెం తిరిగి, నాలుకతో పైపును మూసినంతసేపూ అక్కడే నిలవాలి. తిరిగి వెనక్కి జారిందంటే స్పార్కును ముందుకు జరిపే అడ్వాన్స్ డబ్బాలోని పొర చిరిగిందన్నమాట. అప్పుడు స్పార్కు ముందుకు జరగవలసినంత జరగదు, పైగా ఆ చిరుగు నుంచి గాలి కూడా లాగుతుంది.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్ల మీద కొద్దిగా నీళ్లు తుంపరగా కొడితే, లీకేజీ ఉన్న చోట నీలిరంగు మిణుకులు కనబడతాయి. వాటిని చేత్తో ముట్టకు. మూడు సిలిండర్ల ఇంజిన్లో ఒక్క ప్లగ్గు నీరసించినా మూడో వంతు బలం పోయినట్టే గనుక ఈ బండి ఆ లోపాన్ని దాచలేదు. లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు ఉన్న డిస్ట్రిబ్యూటర్ అయితే ఆ పాయింట్లు, వాటితో ఉండే కండెన్సర్ కూడా మార్చేయి, తక్కువలో పోతాయి.

నాలుగో గేరులో దమ్ము తగ్గడం కూడా ఉంటే, ఏ పంపునూ విప్పకముందు ట్యాంకు మూత తెరిచి చూడు. తెరవగానే లోపలికి గాలి పీల్చిన చప్పుడై, ఆ తర్వాత బండి బాగా పోతే, మూతకు గాలి రంధ్రం మూసుకుపోయింది తప్ప ఇంకేమీ లేదు. కాకపోతే ఫిల్టర్, ఆ తర్వాతే ట్యాంకు నుంచి పెట్రోల్ తోడే పెట్రోల్ పంపు. ఇన్నేళ్ల ట్యాంకు అడుగున తుప్పు, కచరా ఉండకుండా ఉండవు.

మీ మామగారి అంబాసిడర్ సంగతి కూడా అడిగావు కదా. దానికి ఎస్‌యూ అనే రకం కార్బురేటర్ ఉంటే, అందులో ఈ యాక్సిలరేటర్ పంపే ఉండదు. దాని బదులు నడినెత్తిన ఒక గొట్టంలో పల్చటి ఇంజిన్ ఆయిల్ ఉండి, లోపలి పిస్టన్ మరీ త్వరగా లేవకుండా పట్టి ఉంచుతుంది. ఆ ఆయిల్ ఎండిపోతే అచ్చం నీ బండి తడబాటే వస్తుంది. మూత విప్పి నాలుగు చుక్కలు పోస్తే పోతుంది.

ఇక నువ్వు కోపంగా రాసిన ఇథనాల్ విషయం. 2022 జూన్ నాటికే మన పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ కలపడం జరిగింది, 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం కలిపినది అమ్మకానికి వచ్చింది, ఇప్పుడు బంకుల్లో దొరికేది చాలావరకు అదే. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే ఉంటుంది. అంటే అది కలిసిన పెట్రోల్‌కు గాలి తక్కువ సరిపోతుంది. కొత్త బండ్లలో సైలెన్సర్ వైపున్న సెన్సర్ దాన్ని పసిగట్టి పెట్రోల్ పెంచుతుంది. మన కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. పాత పెట్రోల్‌కు కుదిర్చిన జెట్టుతోనే పోస్తుంది గనుక మిశ్రమం ఎప్పుడూ కాస్త పలచనే. అంతేకాక అది నీటిని పీలుస్తుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది. నా పంపు కింద కనబడిన తెల్లపొడి ఆ తేమ వల్ల వచ్చిందేనని నా అనుమానం. అయినా సరే, తప్పంతా దాని మీదికే తోసేసి ఊరుకోవడం నాకు నచ్చదు. బాగున్న కార్బురేటర్ ఆ పెట్రోల్‌తో కొంచెం బలం తగ్గి నడుస్తుందే తప్ప ఆగి ఆగి దూకదు. అప్పటికే ముదిరిన రబ్బరునూ బీటలనూ అది బయట పెడుతుంది. పెట్రోల్ పైపులు మాత్రం ఇథనాల్‌కు తట్టుకునే రకానివి అడిగి వేయించు, బండిని నెలల తరబడి ట్యాంకు నింపి నిలబెట్టకు.

వేడి వల్ల వచ్చే తడబాటు నీకు లేదనే అనుకుంటున్నాను. మిర్చి సీజన్లో ఏనుమాముల మార్కెట్ దగ్గర లారీల వెనక ఇరుక్కున్నప్పుడు నాకు వస్తుంది. పెట్రోల్ పంపులో పెట్రోల్ ఆవిరై పొంగడమే దానికి కారణం. ఆ పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే తీరుతుంది.

కాబట్టి ముందు గొంతులో ధార చూడు, తర్వాత పైపులు నొక్కు, ఆపైన డిస్ట్రిబ్యూటర్ పైపు పీల్చు. ఒక్కొక్కటీ మార్చిన తర్వాత బండిని మానేరు డ్యాం కట్ట వైపు ఒకసారి నడిపి చూసి, ఆ తర్వాతే రెండోదానికి పో. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది కుదిర్చిందో తెలియదు. అన్నీ అయ్యాక మూడు ప్లగ్గులూ విప్పి, వాటి ముక్కుల ఫోటో తీసి పంపు. బిస్కెట్ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టే, ఇక కార్బురేటర్‌ను ముట్టుకోకు. తెల్లగా ఉంటే మిశ్రమం పలచన అన్నమాట, ఒక మెట్టు పెద్ద జెట్టు వేయాలో వద్దో అప్పుడు మాట్లాడుకుందాం.

నీ
నరహరి