ఈ నెల ఉత్తరం: సూర్యలంక టూర్, మన చెరువు తాబేలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని బాపట్ల దగ్గరి సూర్యలంకకు తీసుకెళ్తామని చెప్పిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న, నల్లగొండ పిల్లలకు సముద్ర తాబేళ్లతో ఏం పని మేడమ్, అదీ పరీక్షల ముందు? పని ఉంది. మన సాగర్ డ్యామ్ దాటిన కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఆ చుట్టుపక్కల ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అయినా నాకు పిల్లలకు చూపించాలని ఉన్నది తాబేళ్ల కంటే వాటిని కాచుకునే జాలర్లను.

జనవరి నుంచి మార్చి దాకా తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక కాళ్లతో అడుగున్నర లోతు గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగి చూడదు. తెల్లారేసరికి కుక్కలో నక్కలో తోడేస్తాయి. అందుకే ఒడ్డు ఊళ్లవాళ్లే రాత్రంతా తిరిగి, ఇసుక మీద జాడ పట్టుకుని, గుడ్లు తీసి, కంచె వేసిన హ్యాచరీలో అంతే లోతున పాతిపెడతారు. గుడ్డును దొర్లించకూడదు, లోపలి పిండం చనిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలొస్తాయి. ఇసుక వేడి ఎక్కువుంటే ఆడవి, తక్కువుంటే మగవి (ఈ ఒక్క మాటకు తొమ్మిదో తరగతి వాళ్లు సైన్స్ సారును పీరియడ్ అంతా వదల్లేదు).

అక్కడ అంతా బాగుందని చెప్పను. తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోవాలి, ట్రాలర్ (వల ఈడ్చుకెళ్లే పెద్ద మర పడవ) వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అప్పటికి గుడ్లు పెట్టడం చాలావరకు అయిపోతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూల్లోనే, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోనే ఉందనుకోండి, కానీ నడి సముద్రంలో వల కోసి దాన్ని వదలాల్సింది ఆ పడవలో ఉన్న మనిషే కదా.

ఇక మన సంగతి. మొన్న ఆరో తరగతి బాబు బకెట్లో చెరువు తాబేలును తెచ్చాడు. ముట్టుకుంటే చాలు, వెనక కాళ్లు లోపలికి లాక్కుని చర్మపు రెక్కలు తలుపుల్లా వేసేసుకుంది. ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని వాళ్ల నానమ్మ చెప్పిందట. నానమ్మకు దండం, కానీ దానికీ అదే చట్టం, పట్టి పెంచుకోకూడదు. సాయంత్రం పిల్లలతో వెళ్లి చెరువులోనే వదిలేశాం.

మీలో మత్స్య సహకార సంఘం వాళ్లున్నారు. ఈ శనివారం మధ్యాహ్నం ఒక్క గంట బడికి రండి, వలలో తాబేలు పడితే ఎట్లా విడిపిస్తారో పిల్లలకు చేసి చూపించండి. ప్రసంగం అక్కర్లేదు, వల తెస్తే చాలు.

అనుమతి పత్రం మీద సంతకం చేసి శుక్రవారం లోపు పంపండి. సెల్‌ఫోన్లు వద్దు, వెలుగు పడితే తాబేలు పిల్లలు సముద్రం వైపు కాకుండా అటే పాకుతాయి. బస్సులో వాంతులయ్యే పిల్లలుంటే క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు