గ్రోత్ హార్మోన్ రిపోర్టులో అంకె పక్కన కిట్ పేరూ ఉండాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా,

నేను హైదరాబాద్‌లో హార్మోన్ పరీక్షలు చేసే ఒక ప్రయోగశాలలో జీవరసాయన నిపుణుడిగా పనిచేస్తున్నాను. ఎత్తు పెరగని పిల్లలకు చేసే గ్రోత్ హార్మోన్ పరీక్ష గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను.

కొన్నాళ్ల క్రితం మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని మా కౌంటర్ దగ్గరకు వచ్చి, రెండు వేర్వేరు చోట్ల చేయించిన రిపోర్టులను పక్కపక్కన పెట్టింది. ఒకదానిలో గరిష్ఠ విలువ 7, రెండోదానిలో 21. "సార్, పది రోజులల్ల మా పిలగానికి మూడింతలు పెరిగిందా?" అని అడిగింది. ఏమీ పెరగలేదు. మొదటివారు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో రాశారు, రెండోవారు లీటరుకు మిల్లీ యూనిట్లలో రాశారు. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక మిల్లీగ్రాము మూడు యూనిట్లు కాబట్టి ఆ రెండు అంకెలూ ఒకటే. ఈ హార్మోన్ పీయూష గ్రంథి నుంచి రోజంతా ఒకేలా కాక విడతలు విడతలుగా విడుదలవుతుంది గనుక ఒక్కసారి తీసిన రక్తంతో ఏమీ తేలదు. అందుకే ఆ బాబు రెండు చోట్లకూ పరగడుపున వెళ్లి, హార్మోన్‌ను విడుదల చేయించే మందు వేయించుకుని, చేతికి సూది గొట్టంతో గంటల తరబడి మంచం మీద పడుకుని, అరగంటకోసారి రక్తం ఇచ్చాడు.

కొలమానాల తేడాను లెక్కవేసి సరిచేయవచ్చు. హార్మోన్‌ను గుర్తించి పట్టుకోవడానికి పరీక్ష కిట్‌లో వాడే ప్రోటీన్, అంటే యాంటీబాడీ, వల్ల వచ్చే తేడాను అలా సరిచేయలేము. ఈ పరీక్షలో ఒక యాంటీబాడీ హార్మోన్‌ను ఒకచోట పట్టుకుంటే, మెరుపునిచ్చే గుర్తు తగిలించిన రెండో యాంటీబాడీ మరోచోట అతుక్కుంటుంది. ఆ మెరుపునే యంత్రం అంకెగా మారుస్తుంది. అయితే రక్తంలో ఉండే గ్రోత్ హార్మోన్ అంతా ఒకే రూపంలో ఉండదు. 191 అమైనో ఆమ్లాలున్న 22 కిలోడాల్టన్ల (అణువు బరువును చెప్పే కొలమానం) రూపం ప్రధానమైనది, అందులో 15 ఆమ్లాలు తగ్గిన 20 కిలోడాల్టన్ల రూపం కొంత ఉంటుంది, జంటలుగా అతుక్కున్నవీ ఉంటాయి. కొన్ని కిట్ల యాంటీబాడీలు 22 కిలోడాల్టన్ల రూపాన్నే గుర్తిస్తాయి, కొన్ని అన్నింటినీ లెక్కలోకి తీసుకుంటాయి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడేవారి రక్తంలో, ఆ పదార్థంపై ఆధారపడిన కిట్లు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయన్నది కూడా చాలామంది రోగులకు ఎవరూ చెప్పని సంగతి.

మా దగ్గర ధర తక్కువని కిట్ మార్చిన వారంలో, ఒక బిడ్డ రక్తం నుంచి వేరుచేసి దాచిన పాత సీరం ఫ్రీజర్‌లోంచి తీసి రెండింటిలోనూ పెట్టాను. పాత కిట్ 9.1 చూపింది, కొత్తది 6.9. మా వైద్యులు గీతగా పెట్టుకున్నది 7, అంతకన్నా తగ్గితే హార్మోన్ లోపం ఉన్నట్టు. అంటే అదే రక్తంతో ఆ బిడ్డకు పాత కిట్ ప్రకారం లోపం లేదు, కొత్త కిట్ ప్రకారం ఉంది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి రోజూ ఇంజెక్షన్, దాని ఖర్చు. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. నేను సంతకం చేసిన ఎన్ని కాగితాల మీద ఇలాంటి అంకెలున్నాయో అని భయమూ వేసింది.

గ్రోత్ హార్మోన్ కిట్లన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 98/574 అనే ప్రమాణ నమూనాతో సరిచూసుకోవాలని, ఫలితాన్ని యూనిట్లలో కాక బరువు కొలమానంలోనే ఇవ్వాలని 2011లోనే అంతర్జాతీయ నిపుణులు ఏకాభిప్రాయంతో చెప్పారు. రాష్ట్రంలోని ప్రభుత్వ, ప్రైవేటు ల్యాబులన్నీ ప్రతి రిపోర్టులోనూ కిట్ పేరు, ప్రమాణం, కొలమానం ముద్రించేలా మీ శాఖ ఒక ఆదేశం ఇవ్వాలని, కిట్ మార్చినప్పుడు పాతదానితో పోల్చి ఆ తేడాను వైద్యులకు రాతపూర్వకంగా తెలిపేలా చూడాలని కోరుతున్నాను. టెండర్లలో ధరతో పాటు, ఆ యాంటీబాడీ హార్మోన్‌లోని ఏ రూపాలను గుర్తిస్తుందో కంపెనీ చెప్పి తీరాలన్న షరతు పెట్టండి. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊరు మనది. ఈ షరతులు రాయడానికి సలహా కోసం దూరం వెళ్లనక్కరలేదు. అలాగే, గీతకు అటూఇటూగా అంకె వచ్చిన పిల్లల పాత రిపోర్టులను ఏ కిట్‌తో చేశారో చూసి, అవసరమైనవారికి ప్రభుత్వ ఖర్చుతో మళ్లీ పరీక్ష చేయించాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక జీవరసాయన నిపుణుడు,
హైదరాబాద్