కొత్త పాకెట్ బైకులు వచ్చాయి, కానీ ఒక్కటి కూడా అమ్మడం లేదు

సంక్రాంతికి పిల్లలకి పాకెట్ బైకు (పిల్లలు నడిపే బుల్లి ఇంజను బండి) కావాలని అడ్వాన్సు ఇచ్చిన వాళ్లందరికీ ఈ మాట నేనే చెప్పాలి. లోడు దిగింది. బండ్లు విజయవాడ ఆటోనగర్‌లో మన గోడౌన్‌లోనే ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా మీకు ఇవ్వడం లేదు.

రేటు పెంచడానికి స్టాకు దాచానని ఒకరిద్దరు అన్నట్టు నా చెవిన పడింది. నాన్నగారి రోజుల్లో సైకిళ్లతో మొదలైన షాపు మాది. ఆ మాట నాకు చాలా కష్టం కలిగించింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శాంపిల్‌గా పంపిన బండి నిజంగా బాగుంది. దాన్ని విప్పి చూసుకున్నాకే ఆర్డరు పెట్టాను. లోడులో వచ్చినవీ పైకి అచ్చం అలాగే ఉన్నాయి. అదే 49 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, తాడు లాగి స్టార్ట్ చేసే పద్ధతి, అవే స్టిక్కర్లు. పెయింటు మెరుపైతే ఇంకా ఎక్కువే. తేడా పట్టుకున్నది మా మెకానిక్. ముందు బ్రేకు నొక్కి పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ దగ్గర టక్కుమని చప్పుడు వచ్చింది. హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు, అంటే కోన్ సెట్టు, వదులుగా ఉందేమోనని బిగించాం. చప్పుడు తగ్గింది కానీ పోలేదు. టార్చి వేసి చూస్తే, హ్యాండిల్ గొట్టం చాసిస్‌తో కలిసే చోట పెయింటు మీద వెంట్రుక మందాన చీలిక కనిపించింది.

వైరు బ్రష్షుతో అక్కడ పెయింటు గీకించాను. మంచి వెల్డింగ్‌లో రెండు ఇనుములూ కరిగి ఒకటైపోవాలి. ఇక్కడ వెల్డింగ్ పైపును పట్టుకోనే లేదు, పైన పేరుకుని ఉంది. నిండా సూది బెజ్జాలు. కింది వైపు, చెయ్యి సరిగా దూరని చోట, రెండు చుక్కలు పెట్టి వదిలేశారు. బ్రేకు వేసినప్పుడు ముందు చక్రం నుంచి వచ్చే తోపంతా మోసేది ఆ జాయింటే. అది విడిందంటే పిల్లాడి చేతిలో హ్యాండిల్ ఉంటుంది, బండి ఉండదు. ఆ తర్వాత మిగతావీ గీకించి చూశాం. కొన్ని బాగానే ఉన్నాయి, కొన్ని అంతకన్నా ఘోరం.

ఇంకో సంగతి. ఇంజను స్లోలో ఉంచి హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే కొన్ని బండ్లకు రేసు దానంతట అదే పెరుగుతోంది. యాక్సిలరేటర్ కేబుల్ పొడవు చాలక లాగేస్తోంది. ఈ బండ్లకు గేర్లు లేవు, రేసు పెరిగితే క్లచ్ దానికదే పట్టుకుంటుంది. అంటే మలుపు తిప్పగానే బండి ముందుకు దూకుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును బిగించే బోల్టుల తల మీద బలం చెప్పే 8.8 అనే గుర్తు ఉండాలి. వీటి తలలు నున్నగా ఉన్నాయి.

కేబుళ్లు, బోల్టులు మార్చడం పెద్ద పని కాదు. ఆటోనగర్‌లో దొరకని బోల్టు లేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది వెల్డింగే. మన వీధిలోనే మంచి చెయ్యి ఉన్న వెల్డర్లున్నారు. అన్నీ మళ్లీ వెల్డింగ్ చేయించి, పెయింటు కొట్టించి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు, పండగ బేరమూ పోదు. ఇంట్లో వాళ్లూ అదే అన్నారు. ఒకదాన్ని చేయించి కూడా చూశాను. పైపు పల్చన, వేడికి ఒక పక్క కాలి బెజ్జం పడింది. హ్యాండిల్ గొట్టం రవ్వంత పక్కకి లాగింది. వదిలేస్తే బండి ఎడమకి పోతోంది. పైగా ఆ పైపులో ఏ ఇనుము వాడారో నాకు తెలియనప్పుడు, దాని మీద మా వెల్డింగ్ ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం? నా షాపు బిల్లు మీద ఆ బండి బయటికి వెళ్లదు. ఈ మాట మీద నేను మారను.

సప్లయర్‌కి ఫోటోలు, వీడియో పంపాను. ముందు అలా ఉండదన్నాడు. తర్వాత "పిల్లల ఆటవస్తువే కదండీ, ఇంత పట్టింపు ఎందుకు" అన్నాడు. ఆటవస్తువు గంటకి 40 కిలోమీటర్లు పోదు. ఆ ఒక్క మాటతో ఆయనకీ నాకూ లెక్క తేలిపోయింది. సరుకు వెనక్కి తీసుకుంటానన్నాడు కానీ లారీ కిరాయి నన్నే పెట్టుకోమంటున్నాడు. పెట్టుకుంటాను.

మీ అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను, రసీదు తెస్తే చాలు. ఆగుతామంటే, సరైన బండి దొరికాక మీతో అనుకున్న రేటుకే ఇస్తాను, రూపాయి పెంచను. ఎప్పటికని అడగకండి, పండగకి మాత్రం కాదు. పాత బండ్ల సర్వీసు, స్పేర్లు ఎప్పటిలాగే.

కొనేటప్పుడు ప్రతిసారీ చెప్పేదే మళ్లీ చెబుతున్నాను. ఈ బండ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డు మీదికి తీయకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక, మైనరు రోడ్డు మీద నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి ఓనరుకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు ఉన్నాయి. తోటలోనో, ఖాళీ స్థలంలోనో, హెల్మెట్ పెట్టి, మీరు పక్కన ఉండి నడిపించండి.

ఇదే బండి ఇంకో షాపులో తక్కువకి దొరుకుతోందని కొందరు చెప్పారు. కొనుక్కుంటే మీ ఇష్టం. కానీ పిల్లాడిని ఎక్కించే ముందు ఒక్కసారి తీసుకురండి. నా దగ్గర కొనకపోయినా సరే, జాయింటు గీకి, కేబుల్, బోల్టులు చూసి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. డబ్బులు అక్కర్లేదు. ఆదివారం తప్ప ఎప్పుడైనా రావచ్చు, ఉదయం పూట అయితే మెకానిక్ ఖాళీగా ఉంటాడు.