600 కిలోమీటర్ల బ్రెవేలో తోడ్పడిన వారందరికీ కృతజ్ఞతలు

ఇటీవల 600 కిలోమీటర్ల బ్రెవేను, దానికి విధించిన 40 గంటల గడువు దాటకుండా పూర్తి చేయగలిగాను. బ్రెవే అంటే నిర్ణీత గడువులో పూర్తి చేయవలసిన సుదూర సైకిల్ యాత్ర, ఎవరి సైకిల్‌ను, ఎవరి ఒంటిని వారే చూసుకోవలసిన ప్రయాణం. వెనకాల సొంత వాహనం రాకూడదు, ఇంటివారు సాయం చేయదలచినా, దారిలో కార్డు మీద ముద్ర వేయించుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గర మాత్రమే చేయాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య కూడా నాకు అందిన సహాయం తక్కువేమీ కాదు కనుక, అది చేసిన వారికి నలుగురి ముందు కృతజ్ఞతలు తెలుపుకోవడం నా విధి అని భావిస్తున్నాను.

మొదట, నా సైకిల్‌ను నా ఒంటికి సరిపడేలా అమర్చిన ఫిజియోథెరపిస్టు గారికి నమస్కారాలు. నూరు కిలోమీటర్లు దాటేసరికి నా చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. అరచేతి అంచున వెళ్ళే నరం మీద శరీర భారం పడటమే దానికి కారణమని ఆయన వివరించి, హ్యాండిల్‌ను కొద్దిగా పైకి లేపి, చేతుల పట్టును తరచుగా మార్చుకోవాలని చెప్పారు. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వరకు వంగి ఉండాలంటూ, కొలత పరికరాన్ని నా మోకాలికి ఆనించి చూసి, సీటును మిల్లీమీటర్ల లెక్కన పలుమార్లు సవరించారు. చివరకు సీటు కుదిరిన చోట గొట్టం చుట్టూ ఎర్ర టేపు అంటించి, "దీన్ని మాత్రం ఇక కదపకండి" అన్నారు. ప్యాడెడ్ షార్ట్స్ లోపల మరో బట్ట వేసుకోకూడదనీ, ఒరుసుకునే చోట క్రీము రాసుకోవాలనీ అడగకుండానే చెప్పినందుకు కూడా ఆయనకు రుణపడి ఉన్నాను. నలుగురిలో అడగడానికి మనం మొహమాటపడే విషయాలవి.

రాత్రంతా నా పక్కనే తొక్కిన సీనియర్ రైడర్ గారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. 400 కిలోమీటర్లు దాటాక, తెల్లవారుజామున మూడు గంటల వేళ, ఇక నా వల్ల కాదు, ఆగిపోతానని ఆయనతో అన్నాను. ధైర్యవచనాలేవీ చెప్పకుండా ఆయన అడిగింది ఒక్కటే: "చివరిసారి ఎప్పుడు తిన్నారు?" అంత దూరం తొక్కేవారికి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి, కానీ తీపి పదార్థాలు తినీ తినీ నాకు నోరు మొహంమొత్తిపోయి ఉంది. ఆయన తన సంచిలోంచి ఉప్పు బిస్కెట్లు తీసి ఇచ్చి, అవి తిన్నాక ఇరవై నిమిషాలు కునుకు తీయమని, ఆపాలా వద్దా అన్న మాట లేచిన తర్వాత మాట్లాడుకుందామని అన్నారు. లేచాక ఆ మాట మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. మనసు చచ్చిపోయిందనుకునే క్షణాల్లో చాలావరకు ఆకలో, నిద్రలేమో, సీటు ఒరిపిడో ఉంటుందని నాకు అప్పుడు బోధపడింది. ఉత్సాహపరిచే సూక్తులు ఆ చీకట్లో నాకైతే ఏమాత్రం అక్కరకు రాలేదు.

మిగిలిన దూరం ఎంతో ఆయన ఒక్కసారి కూడా నాతో అనలేదు. తర్వాతి కంట్రోల్ ఎంత దూరంలో ఉంది, గంటకు 15 కిలోమీటర్ల లెక్కన నిర్ణయించిన దాని మూసివేత సమయానికి మన చేతిలో ఎన్ని నిమిషాలు మిగులుతాయి అన్న లెక్క మాత్రమే చెబుతూ వచ్చారు. అలసిన బుర్రకు అంతకు మించిన లెక్క పట్టదు కూడా.

కంట్రోళ్ళ దగ్గర నిద్ర మానుకుని కూర్చున్న వాలంటీర్లకు ప్రత్యేక కృతజ్ఞతలు. బ్రెవే కార్డు మీద ముద్ర వేసే లోపే నా సీసాల్లో నీళ్ళు నింపి, కుర్చీలో ఇంకాసేపు చేరగిలబడబోతుంటే మర్యాదగానే లేపి పంపించారు. రోడ్డు మీద కంటే కుర్చీలోనే ఎక్కువ సమయం పోతుందని వారికి బాగా తెలుసు.

నెలల తరబడి సెలవు రోజుల ఉదయాలను నా సాధనకు వదిలిపెట్టిన మా ఇంటివారికి కూడా కృతజ్ఞుణ్ణి. రాబోయే బ్రెవేలో రాత్రి కంట్రోల్ దగ్గర వాలంటీరుగా కూర్చుంటానని నిర్వాహకులకు ఇప్పటికే నా పేరు ఇచ్చాను.